బర్మా నుంచి ఫ్రెండ్ పంపిన వీడియోలు ఎట్లా దాచాలి, ఎవరికి ఇవ్వాలి?

ఉలవపాడు_మామిడి అడిగింది:

అందరికీ నమస్తే. కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి. మాది ఉలవపాడు దగ్గర. జిల్లా ఏదని అడక్కండి, ముందు ప్రకాశం అన్నారు, 2022లో నెల్లూరులో కలిపారు. నేను సింగపూర్ షిప్‌యార్డులో వెల్డర్‌గా చేసి వచ్చినోణ్ణి. అక్కడ డార్మిటరీలో నా పై బంకు మీద ఒక బర్మా అతను ఉండేవాడు. పేరు రాయను, ఊరు కూడా రాయను, సగాయింగ్ ప్రాంతం అని మాత్రం చెప్తా. నేను ఇంటి నుంచి పట్టుకెళ్లిన ఎండు నెత్తళ్లు వేయిస్తే రూములో మిగతావాళ్లంతా ముక్కు మూసుకుని బయటికి పోయేవాళ్లు, ఇతనొక్కడే పళ్లెం పట్టుకుని వచ్చేవాడు. వాళ్లింట్లో నపీ అని చేపల ముద్ద లేకుండా అన్నం తినరంట. అట్లా కలిసింది మా ఇద్దరికీ.

కరోనా టైంలో వాళ్లూరు పోయాడు, 2021 ఫిబ్రవరి 1న మిలిటరీవాళ్లు అక్కడి గవర్నమెంటును పడగొట్టారు, ఇక అక్కడే ఇరుక్కుపోయాడు. మెసేజ్ ఎప్పుడు వస్తుందో తెలీదు, వాళ్ల వైపు నెట్ ఎక్కువగా కట్ చేసే ఉంటుంది, సిగ్నల్ దొరికిన చోటికి పోయినప్పుడు ఒక్కసారిగా బోలెడు పంపిస్తాడు. వీడియోలు, ఫోటోలు, వాయిస్ మెసేజ్‌లు. ఒక దాంట్లో ఒకాయన కాలిపోయిన ఇంటి బూడిదలో నడుస్తా ఉంటాడు, సైకిల్ చక్రం రింగు, నల్లబడిన డేగిసాలు, సగం కరిగిన కుట్టుమిషను, అవన్నీ ఒక్కొక్కటే చూపిస్తా వాళ్ల భాషలో ఏదో చెప్తా ఉంటాడు. ఇంకోటి, రూళ్ల కాగితం మీద చేత్తో రాసిన చనిపోయినవాళ్ల పేర్ల లిస్టు ఫోటో. ఒక ముసలామె వాయిస్ ఉంది, భాష రాకపోయినా చివరిదాకా వినలేకపోయా.

వాడు చెప్పేది ఒకటే, ‘నువ్వు దాచిపెట్టు, నేను నా ఫోన్‌లోంచి తీసేస్తా’ అని. దారిలో గేట్ల దగ్గర సోల్జర్లు ఫోన్ తీసుకుని గ్యాలరీ అంతా చూస్తారంట. 

ఇప్పుడు నా డౌట్లు. వీటిని ఎట్లా పెడితే రేపు పనికొస్తాయి? ఎవరికి ఇవ్వాలి? ఫేస్‌బుక్‌లో పెడితే జనానికి తెలుస్తుందా, లేక వాడికే ప్రమాదమా? నా మీద ఏమన్నా కేసు పడే చాన్సు ఉందా? మా ఆవిడ ‘మనకెందుకయ్యా ఈ గోల, ఫోన్ మెమరీ ఫుల్ అయింది, తీసేయ్’ అంటా ఉంది. తియ్యడానికి చెయ్యి రావట్లేదు.


కావలి_కుర్రోడు:

అన్నా యూట్యూబ్‌లో పెట్టెయ్, తెలుగులో సబ్‌టైటిల్స్ వేసి. పది మంది చూస్తేనే కదా విషయం బయటికొచ్చేది. షేర్ చేయడానికి నేను రెడీ.


కెమెరా_నెల్లూరు:

పై తమ్ముడు చెప్పింది మాత్రం చేయొద్దన్నా. నేను నెల్లూరులో సీసీ కెమెరాలు బిగిస్తా, షాపుల్లో దొంగతనాలు, ట్రంకు రోడ్డు యాక్సిడెంట్లు అని పోలీసులకీ కోర్టుకీ ఫుటేజీ ఇచ్చే పని నాకు ఎప్పుడూ ఉంటుంది, కాబట్టి ఇది కొంచెం తెలుసు.

మొదటి సంగతి, యూట్యూబ్, ఫేస్‌బుక్ లాంటివాటికి నెత్తురు కనిపిస్తే తీసేసే సిస్టం ఉంది, అది మనిషి కాదు మిషను. 2017లో సిరియా యుద్ధం వీడియోలు యూట్యూబ్ అట్నే వేలకు వేలు లేపేసింది, వాటిలో కొన్నిటికి అసలు కాపీ ఇంకెక్కడా లేదు. రెండోది, అందులో కనపడే మొహాలు. కాలిపోయిన ఇల్లు చూపించే ఆయన గొంతు వాళ్లూళ్లో ఎవరైనా గుర్తుపడతారు, ఇక మిలిటరీకి ఎంతసేపు?

ఇక దాచడం. వాట్సాప్‌లో మామూలుగా వీడియో పంపితే అది కుదించేస్తుంది, ఎప్పుడు తీశారు, ఏ ఫోన్‌తో తీశారు, ఎక్కడ తీశారు అని ఫైలు లోపల ఉండే సమాచారం కూడా దాదాపు పోతుంది. అదే ఫైలును ‘డాక్యుమెంట్’ అని అటాచ్ చేసి పంపితే ఉన్నది ఉన్నట్టు వస్తుంది. వీలైతే మీ ఫ్రెండ్‌కు ఇది ఒక్క మాట చెప్పు, సిగ్నల్ యాప్ ఉంటే ఇంకా మంచిది. కానీ ఇప్పటికే వచ్చినవి పనికిరావని అనుకోవద్దు. మళ్లీ పంపించు అని వాణ్ణి ఒత్తిడి కూడా చేయొద్దు, ఫోన్‌లో ఇంకా ఒరిజినల్ ఉంటే సరి, లేకపోతే మీ దగ్గరున్నదే ఒరిజినల్ అనుకోవాలి.

మీ ఫోన్‌లో వచ్చిన ఫైలును కట్ చేయొద్దు, తిప్పొద్దు, బ్రైట్‌నెస్ పెంచొద్దు, స్క్రీన్‌షాట్ తీసి అదే ఉందిలే అనుకోవద్దు. ముందు కంప్యూటర్లోకి కాపీ చేసి ప్రతి ఫైలుకీ హాష్ తీయాలి. షా-256 అంటారు, 64 అక్షరాల, అంకెల వరస వస్తుంది, ఫైల్లో ఒక్క చుక్క మారినా ఆ వరస మొత్తం మారిపోతుంది. విండోస్‌లోనే ఉంటుంది, కమాండ్ ప్రాంప్ట్ తెరిచి సర్ట్‌యూటిల్ కమాండ్ కొడితే చాలు, సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. ఇదేదో విదేశాల కోర్టులకే అనుకోకండి, 2024 జులై 1 నుంచి మన దగ్గర అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్ సర్టిఫికెట్ ఫారంలో కూడా హాష్ విలువ రాసే గడి ఉంది. షాపువాళ్లు ఆ ఫారం చూసి నన్నే పిలుస్తారు, అందుకే చెప్తున్నా.

తర్వాత ఒక నోటు పుస్తకం పెట్టు. ఏ ఫైలు, ఏ రోజు ఎన్ని గంటలకు నీకు వచ్చింది, ఏ నంబరు నుంచి (నంబరు అందులో రాయకు, ఒక గుర్తు పెట్టుకో), అతనే తీశాడా వేరేవాళ్లు తీసింది పంపాడా, నువ్వు దాన్ని ఎప్పుడు ఎక్కడికి కాపీ చేశావు. వాట్సాప్‌లో ‘ఫార్వర్డెడ్’ అని చిన్న అక్షరాలతో ఉంటే అది కూడా రాయి, అంటే అది అతను తీసింది కాకపోవచ్చు. రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టు, ఒకటి ఇంట్లో, ఇంకోటి ఇంకెవరింట్లోనో. ఫోన్‌లో వాట్సాప్ బ్యాకప్ గూగుల్ డ్రైవ్‌కు పోతోందేమో చూసుకో, పాస్‌వర్డ్ పిల్లలకు తెలిసిన అకౌంట్లో ఇవి ఉండటం మంచిది కాదు.


ఒంగోలు_వకీలు:

కెమెరా గారు నా పని సగం చేసేశారు. లాయర్‌గా మిగతాది చెప్తాను.

మీ దగ్గర ఉంచుకున్నందుకు మీకు భయం అక్కర్లేదు. బయట పెట్టేటప్పుడే జాగ్రత్త. ముఖ్యంగా ఆడవాళ్ల మీద జరిగిన అఘాయిత్యాలకు సంబంధించినవి ఏవైనా ఉంటే ఎవరికీ ఫార్వర్డ్ చేయొద్దు. బాధితురాలు ఎవరో తెలిసేలా చేయడం మన దగ్గర భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా అది చేయకూడని పని.

ఎవరికి ఇవ్వాలి అన్నారు. బర్మా అంతర్జాతీయ క్రిమినల్ కోర్టులో సభ్యదేశం కాదు, మనం కూడా కాదు. అందుకే ఆ కోర్టు నేరుగా సగాయింగ్‌లో జరిగిన దాన్ని పట్టుకోలేకపోతోంది. బర్మా మిలిటరీ రోహింగ్యా ముస్లింలను సరిహద్దు దాటించి బంగ్లాదేశ్‌లోకి తరిమింది, బంగ్లాదేశ్ సభ్యదేశం, ఆ దారిలోనే 2019 నవంబరులో విచారణకు అనుమతి వచ్చింది. 2024 నవంబరులో, 2021లో అధికారం లాక్కున్న జనరల్ మిన్ ఆంగ్ హ్లాయింగ్ మీద అరెస్ట్ వారెంటు ఇవ్వమని ప్రాసిక్యూటర్ అడిగారు. అదే నెలలో కాకపోయినా కొన్ని నెలల తేడాలో, 2025 ఫిబ్రవరిలో, ఎక్కడో అర్జెంటీనా కోర్టు కూడా వారెంట్లు ఇచ్చింది. ఇక దేశం మీద దేశం వేసిన కేసు వేరే, చిన్న దేశం గాంబియా బర్మా మీద 2019లో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో వేసింది. 

వీటన్నిటికీ సరుకు కావాలి కదా. ఆ సరుకు పోగుచేయడానికే ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి 2018లో ఒక సంస్థ పెట్టింది, మయన్మార్ స్వతంత్ర దర్యాప్తు యంత్రాంగం అనొచ్చు, జెనీవాలో ఉంటుంది. అది కోర్టు కాదు, ఎవరికీ శిక్ష వేయదు. 2011 నుంచి బర్మాలో జరిగిన పెద్ద నేరాల సాక్ష్యాలు సేకరించి, సరిచూసి, ఫైలు కట్టి, కేసు నడిపే కోర్టులకు ఇస్తుంది. మిలిటరీ చేసినవే కాదు, వాళ్లతో పోరాడే సాయుధ దళాలు చేసినవి కూడా దాని పరిధిలోకి వస్తాయి. సురక్షితంగా ఎలా సంప్రదించాలో వాళ్ల వెబ్‌సైట్‌లో ఉంది, బర్మా భాషలో కూడా. ఇచ్చినవాళ్ల అనుమతి లేకుండా వేరేవాళ్లకు ఇవ్వరు. ఇంకోటి, అరెస్టుల, మరణాల లెక్క పేరుపేరునా రాసే రాజకీయ ఖైదీల సహాయ సంఘం. 2000లో, జైలు నుంచి బయటపడిన బర్మావాళ్లే థాయ్‌లాండ్ సరిహద్దులోని మే సోట్‌లో పెట్టుకున్నది. మీ దగ్గరున్న పేర్ల లిస్టుకు వీళ్లు సరైనవాళ్లు. 

అయితే ఇవ్వాలా వద్దా అన్నది మీరు తేల్చేది కాదు, మీ మిత్రుడు తేల్చాలి. ‘దాచిపెట్టు’ అన్నాడు, ‘ఇచ్చెయ్’ అనలేదు కదా. ప్రతి ఫైలుకూ అడగండి. ఎవరికి, ఎంతవరకు, పేరుతోనా పేరు లేకుండానా.

ఇది చెప్తుంటే మన పాత ప్రకాశం జిల్లా గుర్తొస్తుంది. కారంచేడు దళితుల ఊచకోత, 1985 జులై 17. ప్రాణాలతో బయటపడ్డవాళ్లు చీరాల చేరితే, హక్కుల సంఘాల వాళ్లు వెళ్లి నిజనిర్ధారణ కమిటీ అని ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని రాసుకున్నారు. సుప్రీంకోర్టు ఆఖరి తీర్పు వచ్చింది 2008లో. ఈలోగా ముఖ్య సాక్షి దుడ్డు అలిసమ్మను చంపేశారు. ఇక్కడ మిలిటరీ లేదు, కోర్టులు తెరిచే ఉన్నాయి, పేపర్లు రాస్తూనే ఉన్నాయి, అయినా సాక్షిని కాపాడుకోలేకపోయాం. అక్కడ మీ మిత్రుడి పరిస్థితి ఏమిటో మీరే ఆలోచించండి.


కావలి_కుర్రోడు:

సార్ కానీ ఇన్నేళ్లు లాకర్లో పెట్టి ఏం లాభం? 2008 దాకా ఆగితే బాధితులకు ఏం ఒరిగింది?


ఒంగోలు_వకీలు:

ఆ రోజు రాసుకున్న కాగితాలు లేకపోతే 2008లో ఆ తీర్పు కూడా ఉండేది కాదు తమ్ముడూ. నీ కోపం నాకర్థమవుతుంది. మొహం, గొంతు తీసేసి ఒక కాపీ తయారుచేసి అతను ఒప్పుకుంటే పెట్టు, ఎవరొద్దన్నారు? అసలు ఫైలు మాత్రం వేరే ఉండాలి.


రంగూన్_పిన్నమ్మ:

నాయనా, నేను నెల్లూరులో రిటైరైన టీచర్ని. మా నాన్నవాళ్లది రంగూన్. అక్కడ 1962 మార్చిలో నే విన్ అనే జనరల్ అధికారం లాక్కున్నాడు, ఆ తర్వాత దుకాణాలన్నీ ప్రభుత్వం తీసేసుకుంది, 1964 మేలో యాభై, వంద చాట్ నోట్లు రద్దు చేశారు. మనవాళ్లు ఓడలెక్కి వచ్చేశారు. మా నాన్న మద్రాసులో దిగాడు. దుకాణం ఎంత, సరుకెంత, బాకీలు ఎవరి దగ్గర ఎంత, అన్నీ ఆయన నోట్లోనే ఉండేవి, చేతిలో ఒక్క కాగితం లేదు. ఇక్కడ ఆఫీసుల చుట్టూ తిరిగితే ‘రుజువేది’ అనేవాళ్లు. చనిపోయేదాకా ఆ వీధి పేరు, షాపు నంబరు చెప్పేవాడు. అందుకని నువ్వు తీసేయకు, మీ ఆవిడకు నేను చెప్పానని చెప్పు.

ఒక పనికొచ్చే మాట చెప్తా. ఆ చనిపోయినవాళ్ల లిస్టులో పేరు ఒక్కటే ఉంటే చాలదు. బర్మావాళ్లకు ఇంటిపేర్లు ఉండవు. మొగుడికొక పేరు, పెళ్లానికొక పేరు, పిల్లలకు ఇంకో పేరు, ఒకదానికొకటి సంబంధం ఉండదు. అవే పేర్లు ఊరూరా ఉంటాయి. ముందుండే ఊ, కో, మౌంగ్, డా, మా అన్నవి మన గారు, అన్న, తమ్ముడు, అమ్మ లాగా వయసును బట్టి పెట్టేవి, వాటితో మనిషిని గుర్తుపట్టలేం. కాబట్టి తండ్రి పేరు, వయసు, ఏ ఊరు, ఏ పేట, ఏం పని చేసేవాడు, వీలైనంత వరకు రాయించు. లేకపోతే ఒకే మనిషి రెండు లిస్టుల్లో రెండుసార్లు పడతాడు, ఇంకొకడు అసలు పడడు, అప్పుడు మిలిటరీవాడు ‘చూశారా అబద్ధాల లెక్క’ అంటాడు.


పేపరు_మనిషి:

మేడం చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నేను డెస్కులో పని చేస్తా, వచ్చిన వీడియో నిజమా పాతదా అని చూడటం రోజూ ఉండే తలనొప్పి. సగాయింగ్ విషయంలో ఒక చిక్కుంది. 2025 మార్చి 28న అక్కడ 7.7 తీవ్రతతో భూకంపం వచ్చింది కదా, సగాయింగ్, మాండలే బాగా దెబ్బతిన్నాయి. ఇక మీదట కూలిపోయిన ఇల్లు ఏది చూపించినా ‘అది భూకంపం’ అని తప్పించుకునే వీలుంది. అందుకే తేదీ ముఖ్యం. కాలిన ఇల్లు వేరుగా, కూలిన ఇల్లు వేరుగా కనిపిస్తుంది, నిజమే, కానీ చూసేవాడికి మనసుంటే కదా. నాసావాళ్ల ఉపగ్రహాలు భూమ్మీద మంటల వేడిని పట్టి రోజువారీగా మ్యాపు పెడతాయి, ఫిర్మ్స్ అంటారు, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ఆ రోజు ఆ ఊరి మీద మంట చుక్క ఉందా లేదా అని పరిశోధకులు వీడియోతో పోల్చి చూస్తారు. మబ్బులుంటే దొరకదు, పొలాల్లో గడ్డి కాల్చినా చుక్క పడుతుంది, కాబట్టి అదొక్కటే చూసి నమ్మరు. వీడియోలో వెనక కనిపించే పగోడా, కొండ అంచు, చెరువు, నీడ ఎటు పడింది, ఇవి కలిపి చూస్తారు. ఇట్లాంటి పనికి బర్క్లీ యూనివర్సిటీ, ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ఆఫీసు కలిసి 2020లో ఒక పద్ధతి రాశాయి, బర్క్లీ ప్రోటోకాల్ అని. పైన కెమెరా గారు చెప్పినవి చాలావరకు అందులో ఉన్నవే.

నువ్వు చేయగలిగింది, ఆ బూడిదలో నడిచే ఆయన ఏం చెప్తున్నాడో నీ ఫ్రెండ్‌తో రాయించుకో. ఊరు, తేదీ నోటితో చెప్తున్నాడేమో. అదే అయితే ఆయనకు తెలివి ఉంది.

ఇంకొకటి, ఇది పెద్ద అక్షరాల్లో రాయాలనిపిస్తోంది. ‘ఇంకొంచెం తియ్యి, దగ్గర్నుంచి తియ్యి, వాళ్లను మళ్లీ అడుగు’ అని ఎప్పుడూ అనొద్దు. 2023 ఏప్రిల్ 11న సగాయింగ్‌లోనే పజీజీ అనే ఊళ్లో ఒక ఆఫీసు ప్రారంభానికి జనం గుమిగూడితే విమానం బాంబులేసింది, వంద మందికి పైగా చనిపోయారు, తర్వాత హెలికాప్టరు వచ్చి కాల్చింది. మనం ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని ఫుటేజీ బాలేదంటే ఎట్లా? ముసలామె గొంతు కూడా అంతే. అదే కథ ఒకరికి ఒకసారి చెప్పింది చాలు, ముగ్గురు నలుగురు వేర్వేరుగా అడిగి చెప్పిస్తే ఆమెకు నరకం, పైగా ప్రతిసారీ చిన్న తేడా వస్తుంది, కోర్టులో అవతలి లాయరు దాన్నే పట్టుకుంటాడు.


కెమెరా_నెల్లూరు:

అన్నా, ఆ పేర్ల లిస్టు కాగితం అసలు ఎక్కడుంది? ఫోటో సరే, కాగితం భద్రంగా ఉంటే దాన్ని ఎవరు రాశారో వాళ్లు రేపు చెప్పగలరు.


ఉలవపాడు_మామిడి:

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత తెలిసినవాళ్లు మన పక్కనే ఉన్నారనుకోలేదు. నిన్న రాత్రి వాడు లైన్లోకి వచ్చాడు, అడగాల్సినవి అడిగా. కాగితం ఒక బడి టీచరు రాసిందంట, రేకు డబ్బాలో పెట్టి పాతిపెట్టారు, ఎక్కడో నాకు చెప్పొద్దన్నా, చెప్పలేదు. బూడిదలో నడిచే ఆయన నిజంగానే ఊరు పేరు, తేదీ, టైము, ఏ బెటాలియన్ అని అన్నీ చెప్తున్నాడంట, నాకు భాష రాక తెలీలేదు. ఆ వీడియో, లిస్టు రెండూ జెనీవావాళ్లకు ఇవ్వమన్నాడు, వాడి పేరు మాత్రం ఎక్కడా ఉండకూడదు.

ముసలామె వాయిస్ వద్దన్నాడు. ఆమె వాళ్ల మేనత్త. ఆమెను అడగలేదంట రికార్డు చేసేటప్పుడు, ఏడుస్తుంటే చేశాడు. ఇప్పుడు ఆమె వేరే చోట ఉంది, అడిగే వీల్లేదు. మరి దాన్ని తీసేయాలా, ఉంచాలా?

కావలి తమ్ముడూ, వీడియో ఏమీ పెట్టట్లేదు, కోప్పడకు. వాడి తమ్ముడికి 2024లో అమల్లోకి తెచ్చిన మిలిటరీ భర్తీ చట్టం వయసు ఉంది, 18 నుంచి 35 లోపు మగపిల్లల్ని పట్టుకుపోతున్నారు. నేనేం పెట్టినా ముందు వాళ్లింటికే పోతారు.


ఒంగోలు_వకీలు:

తీసేయొద్దు. ఇవ్వొద్దు కూడా. ఆమె వచ్చి అడిగినరోజు అది ఆమెది. మీ నోటు పుస్తకంలో దానికి ఒక నంబరు మాత్రం వేయండి, ఊరు, బంధుత్వం రాయొద్దు. ఇక్కడ మేనత్త అని రాశారు, ఆ ముక్క ఎడిట్ చేసి తీసేయండి, నేను కూడా నా జవాబు సరిచేస్తాను.


కెమెరా_నెల్లూరు:

డిస్కు కొత్తది కొను, పాత సినిమాలున్నది ఫార్మాట్ కొట్టి వాడొద్దు. విండోస్‌లో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ పెట్టి పాస్‌వర్డ్ వేయి. హాష్ తీయడం రాకపోతే నెల్లూరు వచ్చినప్పుడు ల్యాప్‌టాప్ తీసుకునిరా, నేను చూపిస్తా, ఫైళ్లు నాకు చూపించనక్కర్లేదు.


రంగూన్_పిన్నమ్మ:

మీ ఆవిడ ఏమంది నాయనా?


ఉలవపాడు_మామిడి:

డిస్కు ఎంతవుతుందని అడిగింది పిన్నమ్మా. రేటు చెప్పా, సరే తెచ్చుకో అంది.